పన్నెండు నుంచి మూడున్నర దాకా

ఖతీఫ్ దగ్గర, లేక్ కాంపౌండ్
మే 9

సుందరమ్మకి,
అన్నయ్య దీవించి రాసేది.

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా అరుచుకుంటున్నాం, ఇకనుంచి ఉత్తరాలే రాసుకుందాం అని నువ్వంటే నవ్వాను. నీ ఉత్తరం చదివాక అదే మంచిదనిపించింది. కాగితం మీదయితే నువ్వు నా మాటకి అడ్డం రాలేవు. మీ హెడ్డాఫీసు వ్యాను నడిపే మస్తాన్ వలీ వారం వారం సామాన్లు తెస్తాడు కదా, తిరిగి వెళ్లేటప్పుడు అతని చేతికే ఇది ఇస్తున్నాను. కడప మనిషి, మాట పదును, మనసు మంచిది.

మా రోజు ఎలా గడుస్తుందో రాయమన్నావు. ఉద్యోగం ఇప్పించినదానివి, అడిగే హక్కు నీకుంది. సముద్రం నుంచి కాలువ తవ్వి నింపిన సరస్సు ఇది. చుట్టూ అరవై రెండు విల్లాలు. ప్రతి విల్లా వెనకా నీళ్లలోకి ఒక చెక్క జెట్టీ, దానికి కట్టిన ఒకటో రెండో పడవలు. మనూళ్లో చేపల పడవలకి చెక్కలు బిగించిన చేతులు ఇక్కడ షికారు పడవలకి మరమ్మతు చేస్తున్నాయి. రంగుల పని ఇష్తియాక్ భాయ్‌ది. ముల్తాన్ వైపు మనిషి, యాభై ఎనిమిదేళ్లు. కొర్నేలు అనడం చేతకాక నన్ను 'కర్నల్ సాబ్' అంటాడు. ఆరుగురం పనివాళ్లలో సెల్యూట్ కొట్టించుకునేది నేనొక్కణ్ణే.

ఎండలు ముదిరాయి గనక చీకటితోనే మొదలుపెట్టి పన్నెండుకి పని ఆపేస్తాం. మమ్మల్ని బసకి చేర్చే క్యాంపు బస్సు వేరే సైటు వాళ్లని దింపి ఇక్కడికి వచ్చేసరికి మూడున్నర. అందాకా పడవల షెడ్డే మా ఇల్లు. పడవల ఫైబర్ పగలకుండా పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటాయి, ఆ గాలి మాకూ తగులుతుంది. చిన్న స్టవ్వు మీద ఇష్తియాక్ భాయ్ చేప వేయిస్తాడు. తిని ఎవరి పడవ పక్కన వాళ్లం పడుకుంటాం. రాజులం అనుకో.

ఒంటరిగా ఉంటున్నావు, వేళకి తిను.

నీ అన్నయ్య
కొర్నేలు


రియాద్
మే 22

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదువుతుంటే ఆ షెడ్డు కళ్లముందు కట్టింది. మూడుసార్లు చదివాను. ఆఫీసులో పని బాగా పెరిగింది. మన కాంపౌండ్లన్నిటికీ కొత్తగా నిబంధనల విభాగం పెట్టారు, నన్ను అందులో వేశారు. బాగా చేస్తే ఆఫీసరు పోస్టు ఇస్తామన్నారు. పదకొండేళ్లుగా ఒకే కుర్చీలో కూర్చుని కాగితాలు టైపు చేసినదాన్ని, నాకూ ఆశ ఉంటుంది కదా.

కొన్ని సంగతులు రాయి. షెడ్డులో మొత్తం ఎన్ని పడవలు పడతాయి? తాళాలు ఎవరి దగ్గరుంటాయి? మోటారు పడవల పెట్రోలు డబ్బాలు కూడా అక్కడేనా? స్టవ్వు వాటికెంత దూరం? ఊరికే, తెలుసుకుందామని.

నువ్వు రాసే పద్ధతి నాకెప్పుడూ ఇష్టం. అన్నీ వివరంగా రాయి.

సుందరి


లేక్ కాంపౌండ్
జూన్ 20

సుందరమ్మా,

నువ్వడిగినవన్నీ పోయిన ఉత్తరంలో రాశాను. వాటికి జవాబు రాలేదు గానీ, మీ హెడ్డాఫీసు నుంచి ఒక పుస్తకం వచ్చింది. 'సరస్సు జెట్టీలు, పడవల నిల్వ: నిబంధనలు'. ముప్ఫై ఒక్క రూళ్లు. అరబ్బీలో, ఇంగ్లీషులో, ఉర్దూలో. ఉర్దూది ఇష్తియాక్ భాయ్ మా అందరికీ చదివి వినిపించాడు.

జెట్టీ ఒడ్డు నుంచి ఆరు మీటర్లు దాటకూడదట. నలభయ్యో విల్లా జెట్టీ ఏడున్నర. నేను కట్టిందే. నాచేతే కోయించారు. కోస్తుంటే ఆ ఇంటి పెద్దాయన కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు, నేనేదో ఆయన కాలు కోస్తున్నట్టు. పడవ తెలుపో ఇసుక రంగో ఉండాలట. పచ్చ పడవలు మూడింటికి ఇష్తియాక్ భాయ్ సున్నం కొట్టినట్టు తెల్లరంగు కొట్టాడు. మూడు రోజులు వాడని పడవ షెడ్డులో పెట్టాలి. సరే. ఇవన్నీ ఉన్నోళ్ల ముచ్చట్లు, నాకెందుకు?

పన్నెండో రూలు విను. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఏ పడవనీ ఎండలో ఉంచకూడదు. షెడ్డులోనో, టార్పాలిన్ పట్టా కిందో ఉండాలి. ఎండకి ఫైబర్ పాడవుతుందట.

ఇప్పుడు పదిహేడోది విను. షెడ్డులో గానీ జెట్టీల మీద గానీ సిబ్బంది కూర్చోవడం, పడుకోవడం, భోజనం చేయడం, సామాన్లు పెట్టుకోవడం నిషేధం. పన్నెండుకల్లా షెడ్డుకి తాళం.

పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని సర్కారు రూలు. నీడలో ఉండకూడదని మీ కంపెనీ రూలు. మరి బస్సు వచ్చేదాకా ఆ మూడున్నర గంటలు మేం ఏ లోకంలో ఉండాలి? సూపర్‌వైజర్ నౌమాన్‌ని అడిగాను.

"షెడ్ మే బైఠే?"

"నహీ."

"జెట్టీ పే?"

"నహీ."

"తో కిధర్?"

పుస్తకం తిప్పి తిప్పి చూశాడు. "వో బుక్ మే నహీ హై, కర్నల్ సాబ్," అన్నాడు. వెటకారం కాదు సుందరీ. నిజంగానే వెతికాడు. నిజంగానే లేదు!

గేటు బయట ప్రహరీ గోడ కింద కూర్చుంటున్నాం. మిట్టమధ్యాహ్నం ఆ గోడకి నీడ జానెడు. మసీదులో ఉందామంటే, నమాజు కాగానే దానికీ తాళం వేస్తారు. ఈ రూలు రాసినవాడెవడో కుర్చీలోంచి లేచి ఒక్కరోజు, ఒక్క గంట, మాతో ఆ గోడకి వీపు ఆనించమను. చొక్కా అంటుకుపోతుంది. మీ ఆఫీసులోనే కదా పుట్టింది ఇది. ఎవరు రాశారో కనుక్కుని చెప్పు.

కొర్నేలు


రియాద్
జూన్ 29

అన్నయ్యకి,

నీ కోపం అర్థమైంది. కానీ రెండోవైపు కూడా చూడాలి. పెట్రోలు డబ్బాలకి పది అడుగుల దూరంలో స్టవ్వు వెలిగిస్తే, రేపు షెడ్డు అంటుకుంటే ఎవరు జవాబుదారీ? ముందు నీ ప్రాణానికే ముప్పు. ఇలాంటివి ఒక్కరు రాసేవి కావు, కమిటీ కూర్చుని తీసుకునే నిర్ణయాలు. ఎవరు రాశారని అడిగి లాభం లేదు.

కొన్నాళ్లు సర్దుకో. సెప్టెంబరు వస్తే ఎండలు తగ్గుతాయి. నీళ్లు బాగా తాగు. తడిపిన తువ్వాలు తలకి చుట్టుకో. నౌమాన్‌తో వాదన పెట్టుకోకు. నా పేరు అక్కడ ఎత్తకు.

సుందరి


లేక్ కాంపౌండ్
జూలై 13

సుందరీ,

తువ్వాలు చుట్టుకోమన్నావు. చుట్టుకున్నాం.

మంగళవారం సంగతి రాస్తున్నాను, కూర్చుని చదువు. షెడ్డు నిండిపోయి ఒక పడవ గేటు దగ్గర ట్రాలీ మీద ఉండిపోయింది. పన్నెండో రూలు ప్రకారం దానిమీద పట్టా కప్పారు. పట్టా కింద, పడవ కింద మంచి నీడ. ఇష్తియాక్ భాయ్ పొద్దుటి నుంచీ తల తిరుగుతోందంటున్నాడు. మెల్లగా ట్రాలీ కిందికి దూరి పడుకున్నాడు. పావుగంట కాలేదు, గార్డు వచ్చి కాళ్లు పట్టి లాగాడు. "స్టాఫ్ నాట్ అలవ్డ్ అండర్ బోట్" అట. నేను అడ్డం పోయాను. "ఆద్మీ బీమార్ హై" అన్నాను. నౌమాన్‌కి ఫోన్ చేశాడు. నౌమాన్ పుస్తకం ప్రకారం చెయ్యమన్నాడు.

పడవ నీడలో ఉంది. మనిషిని ఎండలోకి లాగారు.

గోడ దగ్గర కూర్చున్న కాసేపటికి ఆయనకి చెమట ఆగిపోయింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. ఊళ్లో ఉన్న వాళ్లమ్మాయిని పిలుస్తున్నాడు, ఆమె అక్కడే ఉన్నట్టు. రెండింటికి పక్కకి ఒరిగిపోయాడు. ఇరవైమూడో విల్లాలో ఉండే గుల్షన్ అమ్మ, హైదరాబాదావిడ, తన కారులో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. అంబులెన్సు కోసం ఆగితే దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. ప్రాణం ఉంది. మిగతాది ఇప్పుడే చెప్పలేమంటున్నారు.

ఈ గుల్షన్ అమ్మే పోయిన వారం తన జెట్టీ మీద ఒక గొడుగు పాతి, చల్లనీళ్ల డ్రమ్ము పెట్టి మమ్మల్ని కూర్చోమంది. మర్నాడే నోటీసు వచ్చింది, జెట్టీ మీద అనుమతి లేని వస్తువులట. ఆవిడ ఆ కాగితం నా ముఖాన ఊపి అడిగింది: "ఏం కంపెనీ అయ్యా మీది? పడవకి గొడుగు పెడితే శభాష్ అంట, మనిషికి పెడితే తప్పంట!" దీనికి జవాబు నీ దగ్గరుందా? కమిటీ దగ్గరుందా?

కొర్నేలు


రియాద్
జూలై 20

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. ఇష్తియాక్ గారి కోసం ప్రార్థన చేస్తున్నాను.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకుండా విను. కంపెనీ ప్రమాద నివేదిక తయారుచేసింది. ఆయన సరిగా నీళ్లు తాగలేదని, చెప్పకుండా నిషేధం ఉన్నచోట పడుకున్నాడని ఉంది. తోటి పనివాళ్ల సంతకాలు కావాలి. నలుగురు పెట్టారట. నువ్వొక్కడివే పెట్టలేదని నౌమాన్ రాశాడు. నువ్వు నా అన్నవని ఇక్కడ అందరికీ తెలుసు. నీ సంతకం వల్ల ఆయనకి కొత్తగా పోయేదేం లేదు. ఆస్పత్రి ఖర్చు కంపెనీయే పెడుతోంది. పెట్టకపోతే మాత్రం ఇక్కడ ఉండటానికిచ్చిన నీ ఇకామా కార్డు రెన్యూవల్ కష్టమవుతుంది. ఇంట్లో వదిన, పిల్లల్ని తలుచుకో. సంతకం పెట్టేయి.

నీ చెల్లెలు
సుందరి


లేక్ కాంపౌండ్
జూలై 27

రియాద్ హెడ్డాఫీసు, నిబంధనల విభాగంలో పనిచేసే సుందరి గారికి,

మస్తాన్ వలీ నీ ఉత్తరం చేతికిచ్చి, నేను చదువుతుంటే పక్కనే బీడీ కాల్చుకుంటూ నిలబడ్డాడు. నా ముఖం చూసి అడిగాడు.

"ఏమన్నా, చెల్లెలు ఏం రాసింది?"

"సంతకం పెట్టమంది."

"ఆయమ్మ అంటుందిలే. ఆ పుస్తకం రాసిందే ఆయమ్మ కదా."

"ఎవరు?"

"నీకు తెల్దా? ఆ పుస్తకాల పెట్టెలు నేనే మోసినా. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టినారంట. షెడ్డులో ఏమేం జరుగుతాయో కండ్లారా చూసినట్టు చెప్పిందంట ఆయమ్మ. నువ్వే చెప్పినావేమో అనుకున్యా."

అవును. నేనే చెప్పాను. నా చేత్తో రాసి, కవరంటించి, మీ కంపెనీ వ్యానులోనే పంపాను. చేప వేయించుకుంటామని నీతో మురిసిపోయి చెప్పాను. నువ్వు దాన్ని పదిహేడో రూలు చేశావు. స్టవ్వు ఎంత దూరం, తాళాలు ఎవరి దగ్గర, ఊరికే తెలుసుకుందామని అడిగావు. ఆ 'ఊరికే' అన్న మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది?

స్టవ్వు తీసెయ్యమంటే ఆ పూటే తీసేసేవాళ్లం. చద్దన్నం తెచ్చుకునేవాళ్లం. పెట్రోలుకి నిప్పు అంటుకుంటుందని పడవల పని చేసేవాడికి నువ్వు నేర్పాలా? నువ్వు స్టవ్వుతో పాటు మనుషుల్ని కూడా ఎత్తి బయట పారేశావు. అది చాలక, బయటపడి కూలిపోయినవాడిదే తప్పని నన్ను సంతకం పెట్టమంటున్నావు.

ఇష్తియాక్ భాయ్‌ని నిన్న చూసొచ్చాను. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి నీళ్లు ఒలికిపోతున్నాయి. మాట ఒక్కొక్కటీ వెతుక్కుని తెచ్చుకుంటున్నాడు. గీత గీసినట్టు రంగు వేసే చెయ్యి అది. సంతకం పెట్టిన నలుగురినీ నేను తప్పుపట్టను. వాళ్లకి చదవడం రాదు. నాకు వచ్చు.

సంతకం పెట్టను. ఇకామా పోతే పోనీ. వదినకీ పిల్లలకీ నేనే చెప్పుకుంటాను. ఇక నాకు ఉత్తరాలు రాయకు. నీకేమైనా రాయాలంటే భయంగా ఉంది, రేపు అదే రూలై వస్తుందేమోనని.

కొర్నేలు, వడ్రంగి


రియాద్
ఆగస్టు 10

అన్నయ్యా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదువు. తర్వాత నీ ఇష్టం.

నువ్వు రాసినదంతా నిజం. కానీ నీకు తెలియనిది ఇంకొకటుంది. మస్తాన్ వలీకీ తెలియదు. పదిహేడో రూలు చదివినప్పుడు మీటింగులో ఒకాయన అడిగాడు: "మరి మధ్యాహ్నం వాళ్లు ఎక్కడుంటారు?" గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. ఆ మాట అడిగింది ఆయనొక్కడే. నేను లేచి నిలబడి, "పన్నెండుకి క్యాంపు బస్సు ఉంటుంది సార్," అన్నాను.

బస్సు మూడున్నరకని నువ్వు మే నెలలోనే రాశావు. ఆ ఉత్తరం నా బ్యాగులో ఉంది. మరిచిపోయి అనలేదు. మూడున్నర అంటే మళ్లీ చర్చ మొదలవుతుంది, పుస్తకం ఆలస్యమవుతుంది, ఆ క్రెడిట్టు ఇంకొకరికి పోతుంది. అంత ఆలోచించే అన్నాను. ఆయన సరేనని కూర్చున్నాడు. తర్వాత చప్పట్లు.

కమిటీ నిర్ణయమని నీకు రాసినప్పుడు నన్ను నేనే నమ్మించుకున్నాను. సంతకం పెట్టమని రాసినప్పుడు, నీ ఉద్యోగం కాపాడుతున్నాననుకున్నాను. కాదు. ఆ నివేదిక ఆమోదం అయితే పదిహేడో రూలు జోలికి ఎవరూ రారు. కాపాడుకున్నది నన్ను.

నీ ఉత్తరం అందిన నాలుగో రోజు మా మేనేజర్ టేబుల్ మీద నా వాంగ్మూలం పెట్టాను. బస్సు మూడున్నరకని నాకు ముందే తెలుసనీ, తెలిసి అబద్ధం చెప్పాననీ, ఇష్తియాక్ గారు పడిపోవడానికి ఆ రూలే కారణమనీ రాసి కింద సంతకం చేశాను. నీ మే నెల ఉత్తరానికి ఇంగ్లీషు అనువాదం జతచేశాను. నిన్ను అడగకుండా రెండోసారి నీ ఉత్తరం వాడుకున్నాను, క్షమించు. ఆయన చదివి, "వెనక్కి తీసుకో సుందరీ, నేనిది చూడలేదనుకుంటాను," అన్నాడు. తీసుకోలేదు. మర్నాడు మెట్రో ఎక్కి లేబర్ ఆఫీసుకి వెళ్లి ఇంకో కాపీ ఇచ్చాను. అక్కడి గుమస్తా రెండుసార్లు అడిగాడు, ఫిర్యాదు ఎవరి మీద అని. కంపెనీ మీద, నా మీద అన్నాను. ఫారంలో రెండోదానికి గడి లేదన్నాడు.

ఆఫీసరు పోస్టు సంగతి అడగకు. కాంట్రాక్టు అక్టోబరుతో అయిపోతుంది, పొడిగించరట. దేశం విడిచి వెళ్లిపోయే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు మొదలుపెట్టారు. ఏడవడం లేదు. నీకు చెప్పాలి గనక చెప్తున్నాను.

సుందరి


లేక్ కాంపౌండ్
ఆగస్టు 31

సుందరికి,

మూడు వారాలు నీ ఉత్తరానికి జవాబు రాయలేదు. రాయకూడదనే అనుకున్నాను.

పోయిన బుధవారం లేబర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కుర్రవాడు, తెల్లటి పొడుగు చొక్కా, థోబ్ వేసుకుని. సరిగ్గా పన్నెండున్నరకి వచ్చాడు, అదే మెచ్చుకోవాలి. నౌమాన్ ఏసీ ఆఫీసులో కూర్చోమన్నాడు. అతను వద్దని, మేం కూర్చునే గోడ ఏదో చూపించమని, వచ్చి మా పక్కన నిలబడ్డాడు. పది నిమిషాలు ఆ ఎండలోనే ఉన్నాడు. తర్వాత షెడ్డు తాళం తీయమన్నాడు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ముప్ఫై ఎనిమిది పడవలు చల్లగా ఉన్నాయి. అతను అరబ్బీలో నౌమాన్‌ని ఏదో అడిగాడు. నౌమాన్ తల దించుకున్నాడు. ఏమడిగాడో నాకు తెలియదు, తెలియకపోయినా అర్థమైంది.

శనివారం పదిహేడో రూలు కొట్టేసిన కాగితం అంటించారు. పెట్రోలు డబ్బాలు వేరే గదిలోకి మార్చారు, స్టవ్వు లేదు. మేం లోపల కూర్చుంటున్నాం. నివేదిక కూడా మార్చి రాస్తున్నారట. నా ఇకామా మాట ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

అయినా నా కోపం పోలేదు. అబద్ధమాడి అది పోయిందని రాయను. నువ్వు నిజం చెప్పడానికి ఒక మనిషి పడిపోవాల్సి వచ్చింది. ముందే చెప్పి ఉంటే ఆయన ఇవాళ బ్రష్షు పట్టుకుని ఉండేవాడు.

ఇష్తియాక్ భాయ్ ముల్తాన్ వైపు ఇంటికి వెళ్లిపోయాడు. మొన్న ఫోన్ చేశాడు. ఎవరో ఆఫీసులో అమ్మాయి నిజం రాసిందటగా, ఆమె కోసం రోజూ అల్లాకి దువా చేస్తున్నానన్నాడు. ఆమె పేరడిగాడు. నేను చెప్పలేదు. నా చెల్లెలనీ చెప్పలేదు, ఆ రూలు రాసింది ఆ అమ్మాయేననీ చెప్పలేదు. ఆ రెండూ నేను చెప్పాల్సినవి కావు. ఆయన నంబరు ఈ కాగితం వెనక రాశాను. ఫోన్ చెయ్యాలో వద్దో నువ్వే తేల్చుకో.

అన్నయ్య


రియాద్
సెప్టెంబరు 6

అన్నయ్యా,

చేశాను. నా హిందీ అంత బాగుండదు, అందుకని ముందు కాగితం మీద రాసుకుని చదివాను. నా పేరు చెప్పాను. కర్నల్ సాబ్ చెల్లెల్నని చెప్పాను. రూలు నేనే రాశానని, బస్సు విషయం తెలిసీ అబద్ధం చెప్పానని, మీరు దువా చేస్తున్నది నాకేనని, అది ఆపేయండని చెప్పాను.

ఆయన వెనకాల ఎవరో ఆడమనిషి ఎవరు, ఎవరు అని అడుగుతోంది. తర్వాత ఒక్కో మాట కూడదీసుకుని అడిగాడు:

"షెడ్... అభీ... ఖులా హై?"

"హా జీ, ఖులా హై," తెరిచే ఉందని చెప్పాను.

"సబ్... అందర్ బైఠ్‌తే హై?"

"హా జీ. సబ్." అందరూ లోపలే కూర్చుంటున్నారని చెప్పాను.

"అచ్ఛా," అని ఫోన్ పెట్టేశాడు.

క్షమించానని ఆయన అనలేదు. నేను అడగలేదు.

సుందరి